మధ్యలో ఆగిన సాక్ష్యం

నతానియేలు అయ్యగారిని ప్రశ్న అడగదలచినవాళ్ళు ముందు తమ చెప్పులు ఎక్కడున్నాయో చూసుకోవాలి. వేములపాలెం చర్చి సంఘంలో ఈ సంగతి అందరికీ తెలుసు. అడిగినదంతా ఆయన తల ఊపుతూ ఓపిగ్గా వింటారు. కళ్ళద్దాలు తీసి పంచె అంచుతో తుడుచుకుంటారు. ఆ తర్వాత జవాబు వస్తుందని ఎదురుచూసేవాళ్ళకు "చెప్పులేసుకో, పోదాం" అన్న మాట వస్తుంది. ఎక్కడికని అడిగితే దానికీ జవాబుండదు. అలా ఆయన వెంట నడిచి, ఎవరింట్లోనో మజ్జిగ తాగి, ఎవరి గొడవ మధ్యనో కూర్చుని ఇంటికి చేరేసరికి, అడిగినవాడికి తన ప్రశ్న కొంచెం వేరేగా కనిపించేది. నడిచే ఓపిక లేనివాళ్ళు ఆయన్ని అడగడమే మానేశారు.

గిద్యోను మాత్రం మానలేదు. పాస్టరు చదువు ముగించాక, పని నేర్చుకోమని పైవాళ్ళు ఆయన దగ్గరికి పంపిన శిష్యుడు అతను. దేవుడు మంచి గొంతు ఇచ్చాడు. డోలక్ మెడలో వేసుకుని పాట ఎత్తుకుంటే వెనక బెంచీల్లో కునికేవాళ్ళు కూడా సర్దుకుని కూర్చునేవాళ్ళు. అయితే సంఘం అంతకన్నా ఎక్కువగా మెచ్చుకున్న విద్య ఇంకొకటి ఉందతని దగ్గర. అది తెలియాలంటే సాక్ష్యం సంగతి కొంచెం చెప్పాలి. దేవుడు తనకు చేసిన మేలును ఆదివారం నాడు నలుగురిలో లేచి చెప్పుకోవడమే సాక్ష్యం. దానికి ఎవరూ రాయకపోయినా అందరికీ తెలిసిన పద్ధతి ఒకటుంది. కష్టంతో మొదలుపెట్టాలి, మేలుతో ముగించాలి, చివర స్తోత్రం అనాలి. కాలు విరిగిందని చెప్పడం సాక్ష్యం కాదు. విరిగిన కాలు అతుక్కున్నాక నడిచొచ్చి చెప్పాలి. ఇంకా అతుక్కోనివాళ్ళు అతుక్కునేదాకా నోరు మూసుకుని కూర్చోవాలి.

ఈ పద్ధతి తెలియక ఎవరైనా లేచి, మాట్లాడుతూ మాట్లాడుతూ తడబడినా, ఏడుపు గొంతుకు అడ్డం పడినా, బయట చెప్పకూడదనుకునే ఇంటి సంగతి చెప్పబోయినా, గిద్యోను చెయ్యి డోలక్ మీద పడేది. పాట లేచేది. చప్పట్లు కలిసేవి. నిలబడినవాళ్ళు మెల్లగా కూర్చునేవాళ్ళు. "సమయానికి అందుకున్నావు బ్రదరూ, లేకపోతే ఎంత ఇబ్బందయ్యేది!" అని సంఘ పెద్ద ప్రభుదాసు అతని వీపు తట్టేవాడు.

కోతకాలపు పండుగ దగ్గర పడుతుండగా ఒక మధ్యాహ్నం, చర్చి అరుగు మీద తోరణాలకు రంగు కాగితాలు కత్తిరిస్తున్న అయ్యగారి పక్కన చేరి గిద్యోను అడిగాడు.

"అయ్యగారూ, నాకో సందేహం. ఒక విశ్వాసి మనసుకు జబ్బు చేసిందనుకోండి. ఆ మాట సంఘంలో లేచి చెప్పొచ్చా? చెబితే సాక్ష్యం చెడిపోదా?"

ఒక విశ్వాసి అన్నాడు గానీ, ఆ విశ్వాసి అతని భార్య హెప్సిబా. పాప పుట్టిన దగ్గర్నుంచి ఆమె నవ్వడం మరిచిపోయింది. పాపను ఒళ్ళో పెట్టుకుని కిటికీ దగ్గర కూర్చుని, కారణం తెలియకుండానే కన్నీళ్ళు కార్చేది. ఒక్కోసారి పాప గుక్కపట్టి ఏడుస్తున్నా వినపడనట్టు గోడకేసి చూసేది. గిద్యోను భయపడి పట్నంలో పెద్దాసుపత్రికి తీసుకుపోతే డాక్టరమ్మ అంతా విని, ఇది బాలింతల్లో కొందరికి వచ్చే జబ్బేనని, మందులు వాడితే తగ్గుతుందని, మధ్యలో ఆపొద్దని చెప్పింది. మందులు పనిచేయడం మొదలుపెట్టాయి కూడా. చిక్కంతా మందుల షాపు దగ్గర వచ్చింది. సంఘస్తుడొకడు ఎదురుపడి "ఏంది బ్రదరూ, ఎవరికి బాగుండ్లా?" అనేసరికి గిద్యోను నోటికి వచ్చిన మొదటి మాట అనేశాడు. "మా ఇంట్లో వాళ్ళకి గ్యాస్ ట్రబులు."

అన్న మాట అక్కడ ఆగుతుందా! ఆదివారం ప్రార్థన మనవుల్లో గిద్యోను బ్రదరు భార్య గ్యాస్ ట్రబులు చేరింది. సంఘమంతా కళ్ళు మూసుకుని ఆ గ్యాస్ కోసం కన్నీటితో ప్రార్థించింది. స్త్రీల సమాజం నుంచి దీవెనమ్మ పూట తప్పకుండా వాము నీళ్ళు కాచి తెచ్చేది, పక్కన కూర్చుని తాగిందాకా కదిలేది కాదు. ఆమె ఉన్నంతసేపూ హెప్సిబా మాత్ర వేసుకోలేకపోయేది. రెండు పూటలు అలా తప్పాక హెప్సిబా తన భర్తను అడిగింది. "ఏమండీ, ఈ ఆదివారం లేచి ఉన్నదున్నట్టు చెప్పేదా?" గిద్యోను కంగారుపడ్డాడు. పక్కూరి సంఘానికి కాపరిగా ఎవర్ని పంపాలో పెద్దలు ఈ పండుగలోనే మాట్లాడుకుంటారు. సొంత ఇంట్లో నెమ్మది లేనివాడు సంఘానికేం నెమ్మది ఇస్తాడని ఎవరైనా అంటే? "పూర్తిగా తగ్గనీ హెప్సీ. తగ్గాక చెబితే సాక్ష్యం. తగ్గకముందు చెబితే..." అని ఆపేశాడు. ఆమె మళ్ళీ అడగలేదు.

ఇదంతా కడుపులో పెట్టుకుని అతను ఆ ప్రశ్న అడిగాడు. అయ్యగారు కత్తెర పక్కన పెట్టారు. కళ్ళద్దాలు తుడుచుకున్నారు. "చెప్పులేసుకో, పోదాం" అన్నారు.

గృహప్రార్థనకేమోననుకుని గిద్యోను డోలక్ భుజాన వేసుకున్నాడు. కొంత దూరం పోయాక అయ్యగారు "బరువుగా ఉందేమో, ఇటివ్వు" అని దాన్ని తీసుకున్నారు. ముసలాయన డోలక్ మోస్తుంటే, వయసులో ఉన్నవాడు చేతులూపుకుంటూ పక్కన నడవడం చూసి ఊరి వాళ్ళు నవ్వుకున్నారు. పొగాకును మంట వేడికి ఆరబెట్టే బేరన్లు దాటి, చివరింటి ముందు ఆగారు. అది బర్నబా ఇల్లు. బర్నబా ఆ బేరన్లలో మంట చూసుకునే పనివాడు. బస్తా ఒంటిచేత్తో ఎత్తే మనిషి. ఎండలు ముదరకముందు ఒక ఆదివారం సాక్ష్యానికి లేచాడు. ఆ తర్వాత చర్చికి రావడం మానేశాడు. పని ఎక్కువై రావడం లేదనుకున్నారు అందరూ. తీరా చూస్తే మనిషి నులకమంచం మీద గోడవైపు తిరిగి పడుకుని ఉన్నాడు. అయ్యగారి గొంతు విని లేచి కూర్చున్నాడు. గడ్డం పెరిగి, భుజాలు జారిపోయి ఉన్న అతన్ని గుర్తుపట్టడానికి గిద్యోనుకు కొంచెంసేపు పట్టింది.

బర్నబా భార్య మజ్జిగ ఇచ్చింది. అయ్యగారు తాగారు, బాగుందన్నారు, గ్లాసు కింద పెట్టారు. డోలక్ తన ఒళ్ళోనే పెట్టుకుని, దాని మీద రెండు చేతులూ ఆనించి అడిగారు.

"బర్నబా, ఆ ఆదివారం సాక్ష్యం చెబుతూ మధ్యలో ఆగావు. 'బావి కాడికి పోతే' అన్నావు. ఆ తర్వాతేంది?"

గిద్యోనుకు ఆ రోజు కళ్ళముందు కదిలింది. దేవుడు ఇల్లిచ్చాడని, పిల్లలనిచ్చాడని మొదలుపెట్టాడు బర్నబా. అంతా బాగానే ఉంది. అంతలో గొంతు మారింది. "అన్నీ ఇచ్చినా పొద్దున్నే లేస్తే ఎందుకు లేచానా అనిపిస్తంది. బావి కాడికి పోతే..." అన్నాడు. చర్చిలో ఎవరో దగ్గారు. గిద్యోను చెయ్యి డోలక్ మీద పడింది.

ఇప్పుడు ఆ ఇంట్లో చాలాసేపు ఎవరూ మాట్లాడలేదు. అంత నిశ్శబ్దాన్ని గిద్యోను ఎన్నడూ భరించి ఎరగడు. వేళ్ళు వాటంతటవే డోలక్ కోసం వెతుక్కున్నాయి. అది అయ్యగారి ఒళ్ళో ఉంది. ఆయన మాట సాయం కూడా చేయకుండా, తొందరేమీ లేనట్టు కూర్చున్నారు.

"బావి కాడికి పోతే లోపలికి తొంగి చూడాలంటే భయమయ్యగారూ," అన్నాడు బర్నబా చివరికి. "నీళ్ళంటే భయం గాదు. నేనేం చేసుకుంటానో అని నా మీద నాకే భయం. అందుకే నీళ్ళు ఆమే తోడుతుంది ఇప్పుడు. పట్నంలో ఇట్టాంటి వాటికి డాక్టర్లుంటారంట. ఒక్కణ్ణే పోలేను. సంఘంలో చెబితే ఎవరన్నా తోడు వస్తారేమోనని ఆ రోజు లేచా. ఇంతలో పాట వచ్చింది." గిద్యోను వైపు చూసి, అతను నొచ్చుకుంటాడేమోనని గబగబా ఇంకో మాట కలిపాడు. "పాట బానే ఉంది బ్రదరూ. నేను కూడా చప్పట్లు కొట్టా."

గిద్యోనుకు తల ఎత్తబుద్ధి కాలేదు. ఒక మనిషి మునిగిపోతూ చెయ్యి పైకెత్తితే, ఆ చేతిని పట్టుకోకుండా పాటకు తాళం కొట్టినట్టయింది తను చేసిన పని. దానికి వీపు తట్టించుకున్నాడు కూడా. అయ్యగారు "రేపు నేను వస్తాను బర్నబా, ఇద్దరం పోదాం" అంటుండగా అతని నోట్లోంచి మాట జారిపోయింది.

"నేను తీసుకెళ్తానయ్యగారూ. ఆ ఆసుపత్రి నాకు తెలుసు. చీటీ ఏ కిటికీ దగ్గర ఇస్తారో, ఏ గదిలో చూస్తారో అంతా తెలుసు."

నీకెట్టా తెలుసని అయ్యగారు అడగలేదు. "సరే" అని లేచి ప్రార్థన చేసి, డోలక్ భుజాన వేసుకుని బయటికి నడిచారు.

మర్నాడు గిద్యోను బర్నబాను బండి మీద ఎక్కించుకుని పట్నం పోయాడు. డాక్టరమ్మ బర్నబాను కూర్చోబెట్టి ఎంతోసేపు మాట్లాడింది. ఇంటావిడను కూడా ఒకసారి తీసుకురమ్మంది, మందులు రాసిచ్చింది. బర్నబా బయటికి వస్తూ, ఆ గదిలోకి పోయినప్పటికంటే కొంచెం నిటారుగా నడిచాడు. వాకిట్లో నిలబడ్డ గిద్యోనును డాక్టరమ్మ గుర్తుపట్టింది. "మీ ఆవిడ రాలేదేం? మందులు ఎప్పుడో అయిపోయుండాలే!" అంది. ఇద్దరూ తిరుగు దారి పట్టారు. ఊరి పొలిమేరలో బర్నబా వెనకనుంచి మెల్లగా అన్నాడు. "సిస్టరుకి గ్యాస్ అనుకున్నాం గదా మేమంతా! నేనెవరికీ చెప్పన్లే బ్రదరూ."

ఆ మంచితనం గిద్యోనుకు దెబ్బలా తగిలింది. బావిని చూసి భయపడుతున్న మనిషి, తన బరువే మోయలేకుండా ఉన్న మనిషి, గిద్యోను అబద్ధాన్ని కూడా మోయడానికి భుజం ఇస్తున్నాడు. ఇంటికి పోతూనే హెప్సిబాను అడిగాడు. మందులు అయిపోయాయా అంటే అయిపోయాయంది. మరి చెప్పలేదేమంటే పాప బట్టలు మడతపెడుతూనే జవాబిచ్చింది. "చెబితే మీరు మళ్ళీ షాపుకి పోవాలి. మళ్ళీ ఎవరైనా ఎదురైతే ఏం చెబుతారోనని భయం." ఆమె గొంతులో కోపం లేదు. అదే అతన్ని ఎక్కువ భయపెట్టింది. కళ్ళ కింద పాత నీడలు మళ్ళీ వస్తున్నాయని అప్పుడు చూశాడు. ఆమె తనకు దక్కకుండా పోతే ఏ ఊరి సంఘం దక్కి ఏం లాభమని మొదటిసారి అనిపించింది. మర్నాడు పట్టపగలు బజారు మీదుగా ఆమెను, పాపను ఎక్కించుకుని ఆసుపత్రికి తీసుకుపోయాడు. దారిలో ఇద్దరు ముగ్గురు పలకరించారు. ఎక్కడికని అడిగితే ఆసుపత్రికన్నాడు. దేనికన్నది మాత్రం నోటికి రాలేదు.

ఆదివారం వచ్చింది. సాక్ష్యాల సమయం కాగానే అయ్యగారు గిద్యోనును పిలిచి "డోలక్ ఇటివ్వు" అన్నారు. దాన్ని ఒళ్ళో పెట్టుకుని, పసిపిల్లను పడుకోబెట్టినట్టు దాని మీద చేతులు పెట్టుకుని బల్ల పక్కన కూర్చున్నారు. సంఘం ఆ దృశ్యాన్ని వింతగా చూసింది. ఒకామె కూతురికి ఉద్యోగం వచ్చిందని స్తోత్రం చెప్పింది. ఒకాయన మోకాళ్ళ నొప్పులు తగ్గాయన్నాడు. తర్వాత వెనకనుంచి బర్నబా లేచాడు.

"ఆ రోజు మధ్యలో ఆపినది చెబుతా," అన్నాడు. చెప్పాడు. పొద్దున్నే లేవబుద్ధి కాకపోవడం చెప్పాడు, బావి సంగతి చెప్పాడు, డాక్టరు దగ్గరికి పోవడం చెప్పాడు. "తగ్గిందని చెప్పట్లా. మందు మొదలుపెట్టి రెండు మూడు రోజులే. తగ్గిందాకా ఆగుదామంటే అందాకా ఉంటానో లేదోనని చెబుతా ఉండా. తోడు వచ్చారు. అందుకు స్తోత్రం." కూర్చున్నాడు.

సంఘానికి ఏం చేయాలో తెలియలేదు. స్తోత్రం అన్న మాట వచ్చింది గానీ మేలు పూర్తి కాలేదు, చప్పట్లు కొట్టాలో వద్దో అర్థం కాలేదు. తలలన్నీ గిద్యోను వైపు తిరిగాయి. అతని చేతులు ఖాళీగా ఉన్నాయి. ప్రభుదాసు గొంతు సవరించుకుని, ఇబ్బందిగా లేచాడు. "అయ్యగారూ, తెలియక అడుగుతున్నా. ఇది... దయ్యం పని గాదు గదా?"

"నీకు షుగరు పట్టించిన దయ్యం పేరేంది ప్రభుదాసూ?" అన్నారు అయ్యగారు, ఏ మాత్రం గొంతు పెంచకుండా.

ప్రభుదాసు కూర్చున్నాడు. అప్పుడు స్త్రీల వైపునుంచి, పాపను భుజాన వేసుకుని హెప్సిబా లేచింది. ఆమె గిద్యోను వైపు చూడలేదు. "నాకు..." అంది. పెదవులు కదిలాయి గానీ మాట రాలేదు. పాట ఎత్తుకోవాల్సిన చోటు సరిగ్గా అదే. ఇన్నాళ్ళూ ఆ చోటు అతనికి ఎంత బాగా తెలుసో అంత బాగా ఇప్పుడూ తెలిసింది. డోలక్ లేకపోయినా గొంతు ఉంది. పాట నాలుక చివరికి వచ్చింది. దాన్ని మింగి, తన చోట లేచి నిలబడ్డాడు.

"చెప్పు హెప్సీ," అన్నాడు. "మేం వింటున్నాం."

"నాకు గ్యాస్ కాదు," అంది హెప్సిబా.

మొత్తం చెప్పింది. పాప ఏడుస్తున్నా వినపడని రోజులు చెప్పింది, కిటికీ దగ్గర ఏడుస్తూ కూర్చోవడం చెప్పింది, ఎవరైనా ఇంట్లో ఉంటే మందు మానేయడం చెప్పింది. "పూర్తిగా తగ్గలేదు. సగం తగ్గింది. మొన్న పాప నవ్వితే నాకూ నవ్వొచ్చింది, చాలా రోజుల తర్వాత. ఆ సగానికే స్తోత్రం చెబుదామని లేచాను." గిద్యోను నిలబడే ఉన్నాడు. "గ్యాసన్నది నేను. అది అబద్ధం. నా పేరు కోసం చెప్పాను," అన్నాడు. అంతకన్నా వివరంగా చెప్పే శక్తి లేకపోయింది.

స్త్రీల వైపునుంచి దీవెనమ్మ గొంతు వినపడింది.

"అయితే నేను కాచి తెచ్చిన వాము నీళ్ళన్నీ ఏం చేశావే అమ్మాయ్?"

"తాగాను పెద్దమ్మా," అంది హెప్సిబా. "మీరు కదలందే!"

ఎవరు ముందు నవ్వారో తెలియదు. చర్చి అంతా నవ్వింది. దీవెనమ్మ నవ్వుతూ నవ్వుతూనే ఏడ్చేసింది, లేచి పోయి హెప్సిబా భుజం మీంచి పాపను తన చేతుల్లోకి తీసుకుంది. "నాకూ రెండో కాన్పుకి ఇట్టాగే ఉండేది తల్లీ. గోడలతో మాట్లాడేదాన్ని. ఎవరికి చెప్పుకోను? ఈ వయసొచ్చిందాకా ఎవరికీ చెప్పలా. ఇదే చెప్పడం. ఆసుపత్రికి పోయేటప్పుడు పాపని నా కాడ వదిలిపెట్టి పో. ఇకనుంచి వాము నీళ్ళు కాదు, నీ మాత్రే పక్కన కూర్చుని వేయిస్తా." ప్రభుదాసు కూర్చున్నచోటునుంచే, ఎవరి ముఖం చూడకుండా, తమ వాడి ఆటో ఉందని, బర్నబాకైనా సిస్టరుకైనా ఎప్పుడు కావాలంటే అప్పుడు పంపుతానని అన్నాడు. బర్నబా పక్కన ఖాళీగా ఉన్న చోట్లోకి ఒకతను జరిగి కూర్చుని అతని చేతిని తన చేతిలోకి తీసుకున్నాడు. పక్కూరి సంఘానికి కాపరి ఎవరన్న మాట ఆ పూట ఎవరికీ గుర్తు రాలేదు. విచిత్రం, గిద్యోనుకు కూడా గుర్తు రాలేదు.

అయ్యగారు లేచి ప్రార్థన చేశారు. ఒకరి మోకాళ్ళు, ఒకరి షుగరు, బర్నబా మనసు, హెప్సిబా మనసు, ఒకరి కంటి ఆపరేషను, అన్నీ ఒకే గొంతుతో, ఒకే వరసలో దేవుడికి అప్పగించారు. ఆమేన్ అయ్యాక డోలక్ తెచ్చి గిద్యోను చేతుల్లో పెట్టారు. "ఎత్తుకో," అన్నారు.

గిద్యోను డోలక్ మెడలో వేసుకున్నాడు. అవతల దీవెనమ్మ చేతుల్లో పాప, పక్కన ముఖం తుడుచుకుంటున్న హెప్సిబా, వెనక బెంచీలో బర్నబా కనిపించారు. ఇంతమందిని తనకు ఇచ్చినందుకు ఏమని కృతజ్ఞత చెప్పాలో అతనికి తెలియలేదు. కళ్ళు నిండిపోయాయి. నోరు తెరిచాడు. సంఘంలో అందరికన్నా మంచి గొంతు ఆ రోజు పెగల్లేదు.

"రావట్లేదయ్యగారూ," అన్నాడు సగం గొంతుతో.

"వచ్చినంతే ఎత్తుకో," అన్నారు నతానియేలు అయ్యగారు. "మిగతాది వాళ్ళందుకుంటారు."